చానెల్ నంబరు లేని రేసు: హైదరాబాద్ అభిమాని దేనికి డబ్బు కట్టాలి?

మా కాక ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. నారాయణ్ కార్తికేయన్ జోర్డాన్ జట్టు కారు నడిపి ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడైన 2005 నుంచి ఆయన ఆదివారం సాయంత్రాలు రేసు చూడటం అలవాటు చేసుకున్నారు. 2011లో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి (ఫార్ములా వన్ రేసు) జరిగిన రోజున దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ ఇంటి ముందుగదిలో పదిమందిమి చాపలు పరుచుకుని కూర్చున్నాం. 2023 మార్చి 5న, కొత్త సీజన్ బహ్రెయిన్‌లో మొదలైన సాయంత్రం, ఆయన ఫోన్ చేసి అడిగారు: "ఏందిరా, రేసు ఏ నంబర్ల వస్తుంది? మొత్తం తిప్పిన, యాడ లేదు." నంబరంటూ ఇక లేదని, యాప్ కొనాలని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది, అది ఎందుకో ఆయనకు నచ్చచెప్పడం మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు.

మన దేశంలో ఫార్ములా వన్ ప్రసారాలకు స్టార్ స్పోర్ట్స్‌తో ఉన్న ఒప్పందం 2022 సీజన్‌తో ముగిసింది. 2023లో పోటీల నిర్వాహకులే నడిపే ఎఫ్1 టీవీ ప్రోకు చందా కట్టి చూడవలసి వచ్చింది. 2024 నుంచి ఆ హక్కులు ఫ్యాన్‌కోడ్ అనే యాప్ చేతికి వచ్చాయి. మన నగరానికి సంబంధించినంతవరకు ఇందులో ఒక వింత ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున, సచివాలయం, లుంబినీ పార్కు పక్కనుంచి ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసు అంటే ఏమిటో అప్పటిదాకా పట్టించుకోనివారు కూడా ఆ వారం దాని గురించి మాట్లాడుకున్నారు. ఆ తరువాత నెల తిరగకముందే, ఆ కొత్త ఆసక్తితో ఎవరైనా టీవీ పెట్టి ఉంటే, ఫార్ములా వన్ అక్కడ లేదు. మరుసటి ఏడాది మన నగరంలో జరగవలసిన ఫార్ములా ఈ పోటీ కూడా 2024 జనవరిలో రద్దయింది.

ఈ మార్పు మీద అభిమానుల కోపంలో "ఇన్నాళ్లూ ఉచితంగా చూశాం, ఇప్పుడు డబ్బులడుగుతున్నారు" అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. ఆ మాట సరైనది కాదు. స్పోర్ట్స్ చానెళ్లకు మనం ఎప్పుడూ డబ్బు కడుతూనే ఉన్నాం; కేబుల్ అతను నెలకోసారి గుమ్మం దగ్గరికి వచ్చి తీసుకువెళ్లే మొత్తంలో అది కలిసిపోయి ఉండేది కాబట్టి కంటికి కనబడలేదు, అంతే. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు అమలులోకి వచ్చి, ఒక్కో చానెల్ ధర విడిగా ముద్రించవలసి వచ్చినప్పుడు చాలామంది మొదటిసారిగా ఆ సంగతి గమనించారు. కాబట్టి నిజంగా మారింది ధర కాదు, కొనే పద్ధతి. కేబుల్ కాలంలో ఇంటికంతటికీ కలిపి ఒక మూట కొనేవారు. ఆ మూటలో వంటల కార్యక్రమమూ ఉండేది, భక్తి చానెలూ ఉండేది, రేసూ ఉండేది. ఇప్పుడు రేసు కావాలని ముందే తెలిసిన మనిషి మాత్రమే, తన ఫోనులో, తన పేరు మీద కొనుక్కుంటాడు. చానెళ్లు తిప్పుతూ తిప్పుతూ ఒక మలుపు దగ్గర ఆగిపోయి, అరగంట చూసి, మరుసటి వారం మళ్లీ వెతుక్కునే మనిషికి ఇందులో చోటు లేదు. మా కాక అలా చూడటం మొదలుపెట్టినవారే. అందుకే, యాప్‌లో ఏ పాస్ (మొత్తం సీజన్‌కో, ఒక్క రేసుకో కట్టే రుసుము) చవక అన్న లెక్కకు ముందు, మీ ఇంట్లో రేసు ఎవరెవరు చూస్తారు, ఎలా చూస్తారు అన్న ప్రశ్న వేసుకోమని నా సలహా. ఈ వ్యాసంలోని ఎంపికలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇతర దేశాల వాళ్లు ఏమన్నారు, ఏం చేశారు

మనకు 2023లో తగిలిన దెబ్బ బ్రిటన్ అభిమానులకు పన్నెండేళ్ల ముందే తగిలింది. 2011 జులై 29న, హంగేరీ రేసు వారాంతంలోని శుక్రవారం నాడు, మరుసటి ఏడాది నుంచి అన్ని రేసులూ ప్రత్యక్షంగా స్కై అనే చందా చానెల్‌లోనే వస్తాయని, బీబీసీలో సగం రేసులు మాత్రమే ప్రత్యక్షంగా ఉంటాయని ప్రకటన వెలువడింది. అక్కడ టీవీ చూసే ప్రతి ఇల్లూ లైసెన్సు రుసుము కట్టాలి కాబట్టి, "డబ్బు కట్టించుకున్నది మీరే, అమ్ముకున్నదీ మీరే" అన్న కోపం స్కై మీదకంటే బీబీసీ మీదే ఎక్కువగా వెళ్లింది. తరువాత 2016లో మిగిలిన సగం చానెల్ 4కు వెళ్లింది. 2019 నుంచి ప్రత్యక్ష ప్రసారాలు పూర్తిగా స్కైవి అయ్యాయి. ఉచిత టీవీలో బ్రిటిష్ గ్రాండ్ ప్రి ఒక్కటే ప్రత్యక్షంగా మిగిలింది, మిగతావాటికి ముఖ్యాంశాలే.

జర్మనీ కథ ఇంకా చేదుగా ఉంటుంది. 1991 నుంచి ఆర్‌టీఎల్ అనే ఉచిత చానెల్‌లో తమ చాంపియన్ డ్రైవరు మైకేల్ షూమాకర్ గెలుపులన్నీ చూసిన దేశమది. 2020తో ఆ ఒప్పందం ముగిసి, 2021 నుంచి స్కై చేతికి వెళ్లింది. ఆ ఏడాది ఆర్‌టీఎల్‌లో నాలుగు రేసులే వచ్చాయి. షూమాకర్ కొడుకు మిక్ ఫార్ములా వన్‌లో తొలి రేసు నడిపింది సరిగ్గా ఆ 2021లోనే. తండ్రిని ఊరంతా ఉచితంగా చూసింది, కొడుకును చందాదారులు చూశారు. బ్రెజిల్ మాత్రం మరో దారిన వెళ్లింది: 2020 తరువాత గ్లోబో చానెల్ తప్పుకున్నప్పుడు, బాండ్ అనే మరో ఉచిత చానెల్ రేసులను తీసుకుంది. అంటే చందా గోడ ఎక్కడైనా తప్పదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు.

అయితే చందా వైపు వాదించేవారికి కూడా ఒక గట్టి ఉదాహరణ ఉంది. నిజాయితీగా పోల్చాలంటే దాన్ని దాచకూడదు. 2005లో ఇమోలాలో జరిగిన సాన్ మరీనో గ్రాండ్ ప్రిలో ఫెర్నాండో అలోన్సో వెనుక మైకేల్ షూమాకర్ కారు అంటుకుపోయినట్టు వస్తుండగా, రేసు మరి మూడు ల్యాప్‌లలో (ట్రాక్ చుట్లలో) ముగుస్తుందనగా, బ్రిటన్‌లో అప్పటి ఉచిత ప్రసారదారు ఐటీవీ ప్రకటనల విరామానికి వెళ్లింది. అలోన్సో 0.215 సెకన్ల తేడాతో గెలిచాడు. ఐటీవీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఉచిత ప్రసారానికి ప్రకటనదారు డబ్బు కడతాడు, ఆ డబ్బుకు బదులుగా కొన్ని నిమిషాలు తీసుకుంటాడు. ఆ నిమిషాలు ఏవో ఎంచుకునే హక్కు చూసేవాడికి ఉండదు. 2012లో స్కై రేసు నడుస్తున్నంతసేపు ప్రకటనలు ఉండవని హామీ ఇచ్చినప్పుడు, కొందరు అభిమానులు తిట్టుకుంటూనే చందా కట్టడానికి కారణం ఇదే. మన కేబుల్ కాలంలో పిట్ స్టాప్ (టైర్లు మార్చుకోవడానికి కారు ఆగడం) సరిగ్గా మొదలయ్యేటప్పుడు సిమెంటు ప్రకటన వచ్చి పడటం చూసిన వారికి ఈ బాధ వివరించనక్కర లేదు.

దూరదర్శన్‌లో వస్తుందా అని ఎదురుచూసేవారికి ఒక మాట. 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. 2007లో వచ్చిన చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రసార సంకేతాలను హక్కుదారులు దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు, భారత క్రికెట్ జట్టు ఆడే వన్డేలు, టీ20లు వంటివి ఆ కిందికి వస్తాయి. మోటారు రేసింగ్ ఆ జాబితాలో లేదు. బ్రిటన్‌లోనూ ఇలాంటి రక్షిత జాబితా ఉంది, అక్కడ కూడా ఫార్ములా వన్‌కు చోటు లేదు. కాబట్టి ఫ్రీ డిష్ పెట్టుకుని ఓపికపట్టడం ఒక ఎంపికగా నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

ముందు గడియారం, తరువాత పర్సు

పాస్ ధరలు సీజన్‌కు సీజన్‌కూ మారుతూ ఉంటాయి, పండుగ తగ్గింపులు కూడా వస్తుంటాయి కనుక కొనే రోజున యాప్‌లో కనబడే ధరనే పట్టుకోండి. ఆ ధర ఎక్కువా తక్కువా అన్నది మీరు ఏడాదిలో ఎన్ని రేసులు నిజంగా చూస్తారన్నదాని మీద ఆధారపడుతుంది, అది మన గడియారం మీద ఆధారపడుతుంది.

2025 సీజన్‌ను హైదరాబాద్ వేళల్లో వేసి చూశాను. ఆ ఏడాది మొత్తం 24 రేసులు. అందులో తొమ్మిది యూరప్ రేసులు; ఇవి మనకు దాదాపుగా సాయంత్రం ఆరున్నరకు మొదలవుతాయి, బ్రిటన్‌ది ఏడున్నరకు. ఆదివారం మధ్యాహ్నం నిద్ర లేచి, టీ తాగి, స్నానం చేసి, ఇంటిపని కొంత చూసుకున్నాక మొదలయ్యే వేళ ఇది. ఇంతకంటే అనుకూలమైన సమయం ప్రపంచంలో ఇంకే క్రీడకూ మనకు దొరకదని నా అభిప్రాయం. సింగపూర్ రాత్రి రేసు మనకు సాయంత్రం ఐదున్నర. బాకు నాలుగున్నర. అబుదాబి ఆరున్నర, బహ్రెయిన్ ఎనిమిదిన్నర, ఖతార్ తొమ్మిదిన్నర. ఆస్ట్రేలియా, జపాన్ రేసులు ఉదయం టిఫిను వేళకు, చైనాది మధ్యాహ్నం భోజనం వేళకు. లాస్ వెగాస్‌లో శనివారం రాత్రి జరిగేది మనకు ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర. ఇవన్నీ కలిపి 18.

సౌదీ, బ్రెజిల్ రేసులు రాత్రి పదిన్నరకు మొదలై పన్నెండు దాటాక ముగుస్తాయి. సోమవారం ఆఫీసు ఎన్నింటికన్నది చూసుకుని నిర్ణయించుకోవాలి. మిగిలిన నాలుగూ, అంటే కెనడా, మయామీ, ఆస్టిన్, మెక్సికో, రాత్రి పదకొండున్నర నుంచి ఒకటిన్నర మధ్య మొదలవుతాయి. పెళ్లయి, పిల్లలుండి, పొద్దున్నే స్కూలు బస్సు ఎక్కించే బాధ్యత ఉన్నవారు ఈ నాలుగింటి ప్రత్యక్ష ప్రసారాన్ని లెక్కలోంచి కొట్టివేయవచ్చు. నేను కొట్టివేశాను.

ఇప్పుడు లెక్క సులువు. యాప్‌లో సీజన్ పాస్ ధర ఎంతో చూడండి, ఒక్క రేసు పాస్ ధర ఎంతో చూడండి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. వచ్చిన సంఖ్య కంటే ఎక్కువ రేసులు చూసేవారికి సీజన్ పాస్ లాభం, తక్కువ చూసేవారికి విడి పాస్. ఉదాహరణకు ఆ సంఖ్య పది అనుకుందాం. 18 అనుకూలమైన రేసుల్లో పదికి పైగా చూసేవారు, అంటే నెలకోసారికి మించి ఆదివారం రేసు ముందు కూర్చునేవారు, ఆలోచించకుండా సీజన్ పాస్ తీసుకోవచ్చు. మొనాకో, మోంజా, సింగపూర్, చివరి రేసు, ఇంకో రెండు, అంతే చూస్తామనేవారికి విడిగా కొనుక్కోవడమే మేలు.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయే రెండు విషయాలున్నాయి. మొదటిది శనివారం. మొనాకోలో వీధులు ఎంత ఇరుకంటే, ముందు కారును దాటడం దాదాపు అసాధ్యం. ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చడానికి శనివారం జరిగే క్వాలిఫయింగ్‌లోనే అసలు పోటీ ముగిసిపోతుంది, ఆదివారం చాలా ఏళ్లు ఊరేగింపులా ఉంటుంది. విడి పాస్‌లో క్వాలిఫయింగ్ కలిసి వస్తుందో లేదో కొనేముందే చూసుకోవాలి. రెండోది, అనుకోకుండా చూసే రేసు. విడి పాస్ కొనేవాడు రేసు బాగుంటుందో లేదో ముందే ఊహించి కొనాలి. వాన పడి అంతా తారుమారైన రేసుల గురించి రాత్రి వాట్సాప్‌లో తెలిశాక కొనుక్కుని ఏం లాభం? నా అనుభవంలో, మరీ గట్టి అభిమాని కానివారికి కూడా సీజన్ పాస్ వైపు తూకం కొంచెం మొగ్గుతుంది.

ఎవరి తెర మీద

హాస్టల్‌లో ఉండే కుర్రవాడికి, కుటుంబానికి ఒకే సలహా పనికిరాదు. కూకట్‌పల్లి హాస్టల్ గదిలో ఒంటరిగా ఫోనులో చూసేవారు మొదట లెక్క వేసుకోవలసింది పాస్ ధర కాదు, డేటా. సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున వచ్చే హెచ్‌డీ ప్రసారం గంటకు దాదాపు 2.25 జీబీ తింటుంది. రేసు సాధారణంగా గంటన్నర; ముందూ వెనుకా కలిపి రెండు గంటలకు 4.5 జీబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ప్యాకుతో హెచ్‌డీలో చూస్తే సగం రేసు కూడా చూడలేరు. ఇలాంటివారు ప్రసార నాణ్యతను తగ్గించుకోవాలి, లేకపోతే హాస్టల్ వైఫై ఆదివారం సాయంత్రం అందరూ సినిమాలు చూసే వేళ నిలబడుతుందో లేదో ఒక వారం ముందే పరీక్షించుకోవాలి. వీలైతే ముగ్గురు నలుగురు కలిసి ఒక గదిలో ఒక లాప్‌టాప్‌లో చూడటం మేలు. డేటా ఒకరిది, చర్చ అందరిది.

ఇంట్లో అయితే నా నిశ్చితమైన సలహా ఒక్కటే: టీవీలో యాప్ నడవకపోతే ఏ పాస్ కొనవద్దు. ఫోను నుంచి టీవీకి పంపే పద్ధతి ఉందిలే అని సరిపెట్టుకుంటే, సరిగ్గా రేసు మొదలయ్యేటప్పుడు ఎవరో ఒకరు ఆ ఫోనుకే ఫోన్ చేస్తారు. స్మార్ట్ టీవీ కాకపోతే, టీవీలో యాప్‌లు నడిపించే స్టిక్ ఒకటి పెట్టుకోవచ్చు. కొనేముందు ఇంకో సంగతి చూడండి: కొన్ని డీటీహెచ్, బ్రాడ్‌బ్యాండ్ ప్యాకేజీలలో ఇటువంటి యాప్‌లు కలిసి వస్తాయి, కానీ యాప్ ఉచితంగా వచ్చినంత మాత్రాన అందులో రేసు పాస్ కూడా ఉంటుందని కాదు. ఒకే చందాతో ఏకకాలంలో ఎన్ని తెరల మీద చూడవచ్చన్నది కూడా చదువుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో కాక, మణికొండలో నేను, ఒకే ఖాతాతో చూడబోతే తొలి రేసుకే యాప్ ఇద్దరినీ బయటకు నెట్టేసింది.

చివరికి కాక ఇంట్లో వేరే పాస్ తీసుకున్నాం, టీవీకి స్టిక్ పెట్టాం, ఆ యాప్‌ను తెర మీద మొదటి గడిలోకి తెచ్చాం. రిమోట్ వెనుక చిన్న కాగితం మీద "ఇల్లు బొమ్మ, మధ్య బొత్తాం" అని రాసి టేపు అంటించాను. ఓటీపీ వచ్చే నంబరు నాది. ఇది పెద్ద తరంవారి కోసం చేసుకోవలసిన ఏర్పాటు. డబ్బు కట్టడం కంటే దీనికే ఎక్కువ శ్రమ పడుతుంది, దీన్ని ఎవరూ ధరలో కలపరు. కానీ ఇలా చేశాక, ఆదివారం ఆ ఇంటికి వచ్చే చుట్టాల పిల్లలు మళ్లీ ఆ ముందుగదిలో ఆగి రేసు చూస్తున్నారు.

ఒక చిన్న ఇబ్బంది కూడా చెప్పాలి. యాప్‌లో చిత్రం అసలు సంఘటన కంటే అర నిమిషమో, అంతకంటే ఎక్కువో వెనుకగా వస్తుంది. వాట్సాప్ గుంపులో ఎవరో ఒకరు "అయ్యో!" అని రాశాక మీ తెర మీద కారు ఇంకా మలుపు దగ్గరికే చేరి ఉండదు. రేసు నడుస్తున్నంతసేపు ఫోను బోర్లా పెట్టడమే దీనికి మందు.

కేఫ్‌లో, పబ్‌లో

జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కొన్ని చోట్ల ఆదివారం రేసు పెద్ద తెర మీద వేస్తారు. నలుగురి మధ్య చూడటంలోని హుషారు వేరు, కాదనను. కానీ డబ్బు ఆదా చేయడానికి ఇది మార్గం కాదు. ఒక సాయంత్రం అక్కడ అయ్యే బిల్లు ఒక రేసు పాస్ కంటే తప్పకుండా ఎక్కువ. రెండోది, అక్కడ రేసు ఎప్పుడూ రెండో తరగతి అతిథి. 2025లో యూరప్ రేసులు మొదలైన మే నెలలోనే ఐపీఎల్ కూడా నడిచింది. అలాంటి రోజున ఆరున్నరకు రేసు మొదలవుతుంది, ఏడున్నరకు మ్యాచ్ మొదలవుతుంది, సరిగ్గా పిట్ స్టాప్‌ల వ్యూహం తేలే వేళకు తెర క్రికెట్‌కు మారిపోతుంది. ఉప్పల్‌లో మన జట్టు ఆడుతున్న రోజయితే అడగనే అక్కరలేదు. మార్చి నుంచి మే దాకా ఇంట్లోనే చూసి, ఐపీఎల్ అయిపోయాక ఎప్పుడైనా స్నేహితులతో బయట చూడటం నేను పాటించే పద్ధతి. ఒక టీవీ మాత్రమే ఉన్న ఇళ్లలోనూ ఇదే గొడవ వస్తుందని గుర్తుంచుకోండి. ఆ మూడు నెలలకు మీ సీజన్ పాస్ ఫోనులోనే గడిచే అవకాశం ఎక్కువ.

రూపాయి కట్టకుండా

ఫార్ములా వన్ వారు తమ యూట్యూబ్ చానెల్‌లో ప్రతి రేసు ముఖ్యాంశాలను కొన్ని నిమిషాల నిడివితో ఉచితంగా పెడతారు. అర్ధరాత్రి దాటే ఆ నాలుగు రేసులకు ఇది చాలు. సోమవారం నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రో ఎక్కితే, హైటెక్ సిటీ చేరేలోగా ముఖ్యాంశాలూ, రేసు తరువాతి మాటలూ అయిపోతాయి. ఒక్క జాగ్రత్త: యూట్యూబ్ తెరవగానే గెలిచినవాడి బొమ్మ ముందు కనబడి రహస్యం బయటపెట్టేస్తుంది కనుక, నేరుగా ఆ వీడియోకే వెళ్లండి.

ముఖ్యాంశాలతో మొత్తం సీజన్ గడపవచ్చా అంటే, గడపవచ్చు, కానీ అది వేరే ఆట. ముఖ్యాంశాల్లో ఒక కారు మరో కారును దాటడాలు కనిపిస్తాయి, అవి ఎందుకు జరిగాయో కనిపించదు. ఇరవై ల్యాప్‌లపాటు టైర్లను కాపాడుకుంటూ ఓపికపట్టిన డ్రైవరు చివర్లో ఎలా దాటాడన్నది కథ. అందులో ఓపిక భాగం కత్తిరింపులో పోతుంది. కొత్తగా ఆసక్తి కలిగినవారు మొదటి రెండు నెలలు ముఖ్యాంశాలు చూసి, ఆగలేనంత ఆసక్తి పుడితే అప్పుడు పాస్ కొనడం తెలివైన పని.

రేసింగే కావాలి, ఫార్ములా వన్నే కానక్కరలేదు అనేవారికి అసలైన విందు మరోచోట ఉంది, దీని గురించి మన దగ్గర తక్కువమందికి తెలుసు. ఫెరారీ, పోర్షే, మెర్సిడెస్ వంటి కంపెనీల కార్లు పోటీపడే జీటీ వరల్డ్ చాలెంజ్ రేసులను నిర్వాహకులే యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా, ఉచితంగా ఇస్తారు. జర్మనీలో అడవుల మధ్య దాదాపు 25 కిలోమీటర్ల పొడవైన ట్రాక్ మీద జరిగే నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు కూడా అంతే. వందకు పైగా కార్లు రాత్రంతా, ఒక్కోసారి వానలో, పొగమంచులో పరుగెడతాయి. ఒక మూల వాన పడుతుంటే మరో మూల ఎండ ఉంటుంది. మా కాకకు ఇది చూపించాక, "ఇది మన డిపో లెక్కనే ఉన్నది, రాత్రంత రిపేర్లే" అని తెల్లవారేదాకా కూర్చున్నారు.

దొంగ ప్రసారాల గురించి

చందా గోడ లేచిన ప్రతి దేశంలోనూ దాని పక్కనే దొంగ దారి కూడా పడింది, మన దగ్గరా పడింది. కాపీరైట్ చట్టంలోని 37వ సెక్షన్ ప్రసారదారుకు తన ప్రసారం మీద హక్కు ఇస్తుంది. అనుమతి లేకుండా దాన్ని మళ్లీ ప్రసారం చేసే వెబ్‌సైట్లను మూయించడానికి కోర్టులు ఆదేశాలు ఇస్తుంటాయి, రేసు మధ్యలో ప్రసారం ఆగిపోవడం అందుకే. చట్టం సంగతి అటుంచినా, టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలును (యాప్ స్టోరు బయట తిరిగే యాప్‌ను) ఫోనులో ఎక్కించుకోవడం అంటే మన ఎస్సెమ్మెస్‌లను, వాటిలో వచ్చే ఓటీపీలను తెలియనివాడి చేతిలో పెట్టడమే. ఒక్క రేసు పాస్ ఆదా చేయబోయి బ్యాంకు ఖాతా పోగొట్టుకుని సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసే పరిస్థితి ఎవరికీ వద్దు. దీన్ని నేను ఎంపికల్లో కలపను.

కొన్నాక

పాస్ కొనేటప్పుడు యూపీఐ ఆటోపే పెట్టించుకునే యాప్‌లు ఉంటాయి. డబ్బు మళ్లీ తీసుకోవడానికి 24 గంటల ముందు మీకు సందేశం రావాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. కానీ డిసెంబరు మొదట్లో సీజన్ ముగిశాక ఆ సందేశం వచ్చేనాటికి మనం రేసు సంగతే మరిచిపోయి ఉంటాం. అందువల్ల పాస్ కొన్న రోజునే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే భాగానికి వెళ్లి ఆ అనుమతి రద్దు చేయండి. కట్టిన కాలానికి చూసే హక్కు దానివల్ల సాధారణంగా పోదు, అయినా రద్దు చేసేముందు యాప్ షరతులు ఒకసారి చదవండి. నెలవారీ చందా మాత్రమే దొరికే సేవ అయితే, ఆగస్టులో వేసవి విరామం కోసం రేసులు మూడు వారాలపాటు ఆగిపోతాయి కనుక, విరామానికి ముందు చివరి రేసు అయ్యాక ఆపి, విరామం తరువాతి తొలి రేసు వారానికి మళ్లీ మొదలుపెట్టండి.